తాత వద్దన్న ట్రాక్టరు మనకు వారసత్వం ఎట్లా అయింది?



మా ఇంటి పాత ఇంటర్నేషనల్ బి-275 ట్రాక్టరు మళ్లీ పొలంలోకి దిగిందని మీలో కొందరికి తెలుసు. రోడ్డు మీద ఆపి మరీ అడుగుతున్నారు, "పాత ఇనుప కొట్టుకి వేస్తే డబ్బులొచ్చేదానికి ఎదురు డబ్బు పెట్టావేందయ్యా" అని. దానికి ఒక్క మాటలో జవాబు చెప్పలేను. ఆ బండి మా ఇంటికి ఎందుకు వచ్చింది, అసలు మన దేశానికి ట్రాక్టరు ఎట్లా వచ్చింది, అది వచ్చాక ఏం పోయింది, ఇవన్నీ చెబితేగానీ జవాబు పూర్తి కాదు. కొంచెం పెద్ద పోస్టు. పనులయ్యాక తీరిగ్గా చదవండి.

పాత ట్రాక్టరు కనపడితే మన వయసు వాళ్లం "అదీ అసలు వ్యవసాయం అంటే" అని సంబరపడతాం. మన మూలాలు అందులో ఉన్నాయి అనుకుంటాం. కానీ మా తాత లెక్క వేరు. ఆయన దృష్టిలో ఆ ఎర్ర బండి గడపలోకి వచ్చిన రోజే మూలం తెగిపోయింది. తాతకి శత్రువు అయినది మనకి వారసత్వం ఎట్లా అయింది? నా మనసులో తిరిగే ప్రశ్న ఇదే.

మా ఊరు పల్నాడులో సాగర్ కుడికాల్వ కింద ఉంది. కాల్వ రాకముందు అంతా మెట్టే. జొన్న, సజ్జ, కంది, ఆముదం, వేరుశనగ. వాన పడితే పంట, లేకపోతే లేదు. ఆ రోజుల్లో మనిషి స్తోమతు ఎకరాల్లో కాదు, అరకల్లో చెప్పేవాళ్లు. "ఆయన మూడు అరకల ఆసామి" అంటే అయిపోయింది, ఇంక వేరే వివరం అక్కర్లేదు. అరక అంటే ఎద్దుల జత ఒక్కటే కాదు. నాగలి, గుంటక, గొర్రు, జడ్డిగం, దంతె, వాటితో పాటు వాటిని పట్టే మనిషి. ఒక అరక నాగలితో రోజంతా దున్నితే అరెకరం, మహా అయితే ముప్పాతిక ఎకరం తెగేది. నల్లరేగడిలో దర్భ, గరిక పట్టిందంటే మామూలు నాగలి చాలదు. పెద్ద మడక కట్టాలి, దానికి నాలుగైదు జతల ఎద్దులు కావాలి. అన్ని జతలు ఒక ఇంట్లో ఉండవు కాబట్టి నలుగురు కలవాల్సిందే. ఈ రోజు నీ చేలో, రేపు నా చేలో. బదులు అరకలు అనేవాళ్లు.

నాగలి చెడితే ఊళ్లోనే బాగయ్యేది. తుమ్మ కర్ర మనది, చెక్కేది ఊరి వడ్రంగి, కర్రు సాగదీసేది ఊరి కమ్మరి. వాళ్లకి డబ్బులు ఇచ్చేది లేదు, కల్లంలో మేర కొలిచి ఇచ్చేవాళ్లు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు దేశం సంగతి. స్వాతంత్ర్యం వచ్చే నాటికి మన దేశంలో ట్రాక్టరు అంటే రైతు వస్తువు కాదు, ప్రభుత్వ వస్తువు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికా సైన్యం ఇక్కడ వదిలిపోయిన బండ్లతో కేంద్రం సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ అని ఒకటి పెట్టింది. దాని పని మధ్య భారతంలో రెల్లు పట్టిపోయిన లక్షల ఎకరాలు దున్ని బాగుచేయడం. రెల్లు వేరు ఎంత లోతుకి పోతుందో మనకి చెప్పక్కర్లేదు, ఎద్దుల నాగలికి లొంగదు. 1949లో ప్రపంచ బ్యాంకు మన దేశానికి కోటి డాలర్లు అప్పు ఇచ్చింది ఇలాంటి యంత్రాల కోసమే. 1956లో రాజస్థాన్ సూరత్‌గఢ్‌లో సోవియట్ యూనియన్ ఇచ్చిన యంత్రాలతో పెద్ద ప్రభుత్వ ఫారం మొదలైంది.

1951లో దేశం మొత్తం మీద ఉన్న ట్రాక్టర్లు సుమారు 8,500. 1960 నాటికి 37,000. దాదాపు అన్నీ దిగుమతి సరుకే. ఇక్కడ తయారీ అప్పుడప్పుడే మొదలైంది. ఫరీదాబాద్‌లో జర్మనీ వాళ్ల సాయంతో ఐషర్, మద్రాసులో మాసీ ఫెర్గూసన్‌తో కలిసి టాఫే, పోలండ్ ఉర్సుస్‌తో కలిసి ఎస్కార్ట్స్, బరోడాలో చెకోస్లొవేకియా జెటార్ సాయంతో హిందుస్తాన్ ట్రాక్టర్స్, బొంబాయిలో ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ. 1961లో దేశంలో తయారైనవి 880 మాత్రమే. ఇప్పుడు ఏటా లక్షల్లో అమ్ముడుపోతున్నాయి. ఆ 880 పక్కన ఇది పెట్టి చూడండి.

మా బండి ఆ చివర చెప్పిన కంపెనీది. అమెరికాకి చెందిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్, మన మహీంద్రా, వోల్టాస్ ముగ్గురూ కలిసి 1963లో పెట్టారు. 1965లో బి-275 బయటికి వచ్చింది. ఈ మోడల్ పుట్టింది ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ అనే ఊళ్లో. నాలుగు సిలిండర్లు, 35 హార్స్‌పవర్, ముందుకి ఎనిమిది గేర్లు, వెనక్కి రెండు. 1977లో ఆ కంపెనీ మహీంద్రాలో కలిసిపోయింది. బ్రాడ్‌ఫర్డ్ ఫ్యాక్టరీ తర్వాత మూతపడింది. పుట్టిన చోట ఫ్యాక్టరీ లేకుండా పోయింది గానీ దాని వంశం మన పొలాల్లో 275 పేరుతో ఇంకా తిరుగుతోంది. తర్వాత వచ్చిన 275 డీఐలో డీఐ అంటే డైరెక్ట్ ఇంజెక్షన్, అంటే డీజిలు నేరుగా పిస్టన్ మీదికి కొట్టేది. మాది దానికంటే ముందుది, హీటర్ బండి. చలికాలం పొద్దున్నే ముందు హీటర్ ఇచ్చి, కాసేపు ఆగి, అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. తొందరపడితే పొగ తప్ప ఏమీ రాదు.

ఇక్కడ లిఫ్ట్ సంగతి ఒకటి చెప్పాలి. వెనక రెండు చేతులు, పైన టాప్ లింక్, ఈ మూడు కొక్కేలు లేని ట్రాక్టరుని మనం ఊహించలేం. ఇది ఐర్లండులో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ అనే ఆయన బుర్ర. ఆయనకంటే ముందు నాగలిని ట్రాక్టరుకి గొలుసుతో కట్టి లాగించేవాళ్లు. నాగలి రాయికో వేరుకో తగులుకుంటే ట్రాక్టరు ముందు చక్రాలు పైకి లేచి వెనక్కి తిరగబడేది, డ్రైవరు దాని కింద పడి చచ్చిపోయేవాడు. ఫెర్గూసన్ నాగలిని, బండిని ఒకే వస్తువుగా చేశాడు. నాగలికి బరువు తగిలితే టాప్ లింక్ బండి ముందు భాగాన్ని కిందికి అదిమి పడుతుంది, హైడ్రాలిక్ దానంతటదే నాగలిని కొంచెం పైకి తీస్తుంది. 1938లో హెన్రీ ఫోర్డుతో చేతులు కలిపి, కాగితం లేకుండా మాట మీద ఒప్పందం చేసుకున్నాడు. తర్వాత ఫోర్డు మనవడి కాలంలో ఆ మాట చెడింది, కోర్టుకి ఎక్కారు, 1952లో 92 లక్షల 50 వేల డాలర్లకి రాజీ అయింది. కాగితం లేని ఒప్పందం ఎక్కడైనా ఒకటే, మన కౌలు మాటల లాగానే. ఆ మూడు కొక్కేల పద్ధతి మటుకు ఇప్పుడు అన్ని కంపెనీలదీ అయింది.

మళ్లీ మన పల్నాడుకి వద్దాం. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాల్వలకి నీళ్లు వదిలారు. నీళ్లు రావడంతోనే మెట్ట కాస్తా మాగాణి అయింది. అదే సమయంలో ఐఆర్-8 లాంటి పొట్టి వరి రకాలు వచ్చాయి. అయితే దీనివల్ల ఒక చిక్కు వచ్చింది. మెట్ట సేద్యంలో దుక్కులు నెలల తరబడి నడుస్తాయి. ఎద్దులు తీరుబడిగా దున్నుకుంటాయి. వరికి అట్లా కుదరదు. కాల్వకి నీళ్లు వదిలారంటే ఊరంతా ఒకేసారి దమ్ము చేయాలి. ఇరవై రోజులు ఆలస్యం అయితే నారు ముదిరిపోతుంది. మెట్ట దుక్కి అలవాటైన ఎద్దులు రేగడి దమ్ములో మోకాళ్ల లోతు దిగబడిపోయేవి. మా నాయన చెప్పేవాడు, రెండో ఏడు దమ్ములో మా ఇంటి ఎద్దు ఒకటి కాలు మడతపడి మళ్లీ లేవలేదని. ట్రాక్టరు మన దగ్గరికి రావటానికి సోకు కారణం కాదు, ఆ ఇరవై రోజులు కారణం.

డబ్బు దారి కూడా అప్పుడే తెరుచుకుంది. 1969 జులైలో 14 బ్యాంకులు జాతీయం అయ్యాయి. భూమి తనఖా బ్యాంకులు ట్రాక్టరు అప్పులు ఇచ్చాయి. మన రాష్ట్రంలో 1968లో ఆగ్రోస్ సంస్థ పెట్టారు. డబ్బు ఉన్నా బండి దొరికేది కాదు. పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. 1971లో ట్రాక్టర్ల పంపిణీ మీద కేంద్రం నియంత్రణ ఉత్తర్వే తెచ్చిందంటే కరువు ఎంత ఉందో చూడండి. అదే ఏడు హర్యానాలోని పింజోర్‌లో హెచ్ఎంటీ వాళ్లు జెటార్ బండ్లు తయారు చేయడం మొదలుపెట్టారు. 1974లో స్వరాజ్ 724 వచ్చింది. దాన్ని డిజైన్ చేసింది దుర్గాపూర్‌లో ఉన్న మన ప్రభుత్వ పరిశోధన సంస్థ ఇంజినీర్లు. బయటి దేశం సాయం లేకుండా మన వాళ్లే చేసిన ట్రాక్టరు అది.

మా ఇంట్లో బండి కొన్నది 1973లో. అప్పటికి నాయన వాళ్లు ముగ్గురన్నదమ్ములు కలిసే ఉన్నారు, 14 ఎకరాలు. మా పెదనాన్న, నాయన, చిన్నాన్న ముగ్గురూ సంతకాలు పెట్టి భూమి తనఖా పెట్టారు. తాత వేలిముద్ర వేయడానికి మూడు రోజులు ఒప్పుకోలేదంట. "ఎద్దు మేసి పేడ ఏస్తది. ఇది తాగి పొగ ఏస్తది. పేడ ఇచ్చేదాన్ని అమ్మి పొగ ఇచ్చేదాన్ని తెచ్చుకుంటారంట్రా" అన్నాడు. "దమ్ము ఎట్లా చేద్దాం నాయనా మరి?" అని మా పెదనాన్న అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. చివరికి వేలిముద్ర వేశాడు గానీ ఒక షరతు పెట్టాడు, ఊరి పక్కన ఎకరంన్నర చేలోకి బండి దిగకూడదని. ఆయన పోయేదాకా, అంటే 1986 దాకా ఆ చేనుని ఒంగోలు గిత్తల జతతోనే దున్నించాడు. మా నాయన తక్కువవాడేం కాదు, బానెట్ మీద తాత పేరే రాయించాడు.

నాయన ఒక పుస్తకం రాసేవాడు. బాడుగ పుస్తకం. ఎవరి చేను, ఎన్ని గంటలు, దుక్కా దమ్మా ట్రక్కా, ఎంత ఇచ్చారు, ఎంత బాకీ. ఆ పుస్తకాలు ఏడు దొరికాయి నాకు, ట్రంకు పెట్టెలో అప్పు రసీదులతో పాటు. మొదటి ఏడాది పుస్తకంలో 43 ఇళ్ల పేర్లు ఉన్నాయి. అంటే బండి మాది అయినా పని ఊరిది. 14 ఎకరాలకి 35 హార్స్‌పవర్ బండి అక్కర్లేదు. బాడుగ లేకపోతే కిస్తీ కట్టడం కాదు, డీజిలు పోయడం కూడా కుదరదు. బాకీల వరస చూస్తే ఇంకో సంగతి తెలిసింది. దమ్ము బాకీ చాలామంది డబ్బుగా ఇవ్వలేదు. కొందరు వడ్లు ఇచ్చారు, కొందరు కోతలకి మనుషుల్ని పంపారు. ఒకాయన పేరు ఎదురుగా "పేడ 6 బండ్లు" అని ఉంది. అంటే బదులు అరకల పద్ధతి ఒక్కసారిగా పోలేదు. ట్రాక్టరు వచ్చాక కూడా పది, పన్నెండేళ్లు దాని మీదే నడిచింది. 1985 తర్వాతి పుస్తకాల్లో అన్నీ రూపాయలే.

మరి తాత మాట తప్పా? ఇక్కడే నేను చాలా రోజులు ఆలోచించాను. మన హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో పనిచేసిన బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త 1978లో దక్షిణాసియా ట్రాక్టర్ల మీద అప్పటిదాకా వచ్చిన సర్వేలు అన్నీ ముందు పెట్టుకుని ఒక పుస్తకం రాశాడు. ట్రాక్టరు రావడం ఒక్కదాని వల్ల దిగుబడి పెద్దగా పెరిగినట్టు సాక్ష్యం లేదని, అది ముఖ్యంగా ఎద్దుల స్థానంలోకి, కూలీల స్థానంలోకి వచ్చిందని ఆయన తేల్చాడు. దిగుబడి పెంచింది నీళ్లు, విత్తనం, ఎరువు. మన తెలుగాయన సి.హెచ్. హనుమంతరావు గారు కూడా 1975లోనే కొత్త పద్ధతుల లాభం ఎవరికి ఎంత దక్కిందో లెక్క తీస్తూ పుస్తకం రాశారు. ఇవి చదివాక తాత మాటలో సగం నిజం ఉందని ఒప్పుకోవాల్సి వచ్చింది.

మా ఊరి లెక్క చూడండి. నా చిన్నతనంలో మా బజారులోనే పదకొండు గొడ్ల చావిళ్లు. ఇప్పుడు రెండు. ఎద్దులు పోయాయి, వాటితో పేడ పోయింది, పేడతో పాటు పెంటకుప్ప పోయింది. చేలో నేల గట్టిపడింది. మేర పోయింది, వడ్రంగి కుటుంబం గుంటూరులో తలుపులు చేసుకుంటోంది, కమ్మరి కొలిమి చల్లారింది. మన ఒంగోలు జాతి బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో మందలు మందలుగా పెరుగుతుంటే, పక్క జిల్లాలో ఉన్న మనం పిల్లలకి గిత్తని చూపించాలంటే బండలాగుడు పోటీకి తీసుకుపోవాలి.

ఇంకో సగం కూడా చెప్పాలి. ఎద్దుల కాలం అంత తియ్యగా ఏం లేదు. అరక పట్టిన పాలేరుకి ఏడాదికి ఎన్ని పూటలు కడుపు నిండేదో మన పెద్దవాళ్లని అడగండి. మా అమ్మ పొద్దున నాలుగింటికి లేచి చావిడి ఊడ్చి, పేడ ఎత్తి, కుడితి పెట్టి అప్పుడు పొయ్యి వెలిగించేది. ట్రాక్టరు వచ్చాక మా అక్క స్కూలుకి పోయింది. ఎద్దుల మేతకని వేసే జొన్న చేను పిల్లల ఫీజుకి పనికొచ్చే పంట అయింది. నేను ఇంటర్ చదివానంటే ఆ బాడుగ పుస్తకంలోని రూపాయల మీదే చదివాను. కాబట్టి ఆ బండిని శత్రువు అనడానికి నాకు నోరు రాదు.

1998లో పంపకాలు అయ్యాయి. భూమి మూడు వాటాలు, ఇల్లు మూడు వాటాలు. ట్రాక్టరుని మూడు ముక్కలు చేయలేరు కదా. వంతులు వేసుకుని వాడుకుందాం అన్నారు. వంతుల బండికి ఆయిలు మార్చేది ఎవరు? అప్పటికి ఊళ్లో కొత్త బండ్లు వచ్చాయి, బాడుగలు తగ్గాయి. 2003లో వేపచెట్టు కింద ఆగింది, ఆగిందంతే. పంతొమ్మిదేళ్లు. కోళ్లు దాని సీటు కింద గుడ్లు పెట్టాయి. అమ్ముదామంటే ముగ్గురి సంతకం కావాలి, బాగుచేద్దామంటే ముగ్గురి డబ్బు కావాలి. ఆ మాట ఎత్తితే పాత పంపకాల గొడవ లేచేది. అందుకని ఎవరం ఎత్తలేదు. పెళ్లిళ్లకి పిలుచుకోవడం వరకే మిగిలింది మూడిళ్ల మధ్య.

2022లో మా పెదనాన్న కొడుకే మాట ఎత్తాడు. ఆయన కూతురు నర్సింగు ఫీజు కట్టాలి. "తమ్ముడూ, తూకానికి ఏసేద్దాం, వచ్చింది మూడు వాటాలు చేద్దాం" అన్నాడు. ఆయన అవసరం న్యాయమైనదే. అది పదిహేడు, పద్దెనిమిది క్వింటాళ్ల ఇనుము. నేను ఇనుప కొట్టులో ధర కనుక్కుని, "అన్నయ్యా, నీ వాటా ఇప్పుడే నేనిస్తా, బండి మటుకు ఉంచుదాం" అన్నాను. ఇచ్చేశాను. హైదరాబాదులో ఉన్న చిన్నాన్న కొడుకు తన వాటా అడగలేదు, టైర్ల ఖర్చు తను పెట్టుకుంటా అన్నాడు. ఇరవై నాలుగేళ్ల తర్వాత ముగ్గురం ఒక కాగితం మీద సంతకం పెట్టాం. ఈసారి కాగితం రాసుకున్నాం.

ఇక బాగుచేసిన వైనం. పాత బండ్లు ఉన్నవాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

ఇంజను జామ్ అయి ఉంది. బలవంతంగా లాగి తిప్పితే రాడ్లు వంగుతాయి. నర్సరావుపేట నుంచి వచ్చిన మేస్త్రి, డెబ్బై దాటిన మనిషి, నాజిల్స్ తీసి ఆ బొక్కల్లో డీజిలు, కిరసనాయిలు కలిపి పోసి వారం రోజులు ముట్టుకోవద్దన్నాడు. తర్వాత గేర్లో పెట్టి, వెనక చక్రాలు జాకీ మీద లేపి, చక్రాన్ని ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెంగా ఊపాం. రెండో రోజు సాయంత్రం కదిలింది. హెడ్ విప్పితే లైనర్లు గీతలు పడి ఉన్నాయి. లైనర్లు, పిస్టన్లు, రింగులు మొత్తం సెట్టు మార్చాం. క్రాంకుని లేత్‌లో గ్రైండింగ్ చేయించి దానికి తగ్గ బేరింగులు వేశాం. డీజిలు పంపు, నాజిల్స్ కాలిబ్రేషన్‌కి పంపాం. డీజిలు ట్యాంకు లోపల తుప్పు. చిన్న కంకర, డీజిలు పోసి ఇద్దరం గంటసేపు ఊపితే ఎర్రటి నీళ్లు వచ్చాయి. లిఫ్ట్ పైకి లేచి నిలబడేది కాదు, లోపల రబ్బరు సీళ్లు ఎండిపోయాయి. రేడియేటర్, వైరింగ్ కొత్తవి. వెనక టైర్లు 12.4-28 సైజు, ఇప్పటికీ దొరికేవే. మిగతా సామాన్లు చాలావరకు విజయవాడ ఆటోనగర్‌లో దొరికాయి, ఎందుకంటే ఈ వంశం బండ్లు ఇప్పటికీ పొలాల్లో ఉన్నాయి. టైర్లు కాక మొత్తం లక్షా 38 వేలు అయింది. రెండేళ్ల మిర్చి డబ్బుల్లో నుంచి తీశాను, అప్పు చేయలేదు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న ముక్క ఇక్కడిది. నాగలి ఊళ్లోనే బాగయ్యేది అన్నాను కదా. ఈ బండి కూడా దాదాపు అంతే అని పని చేయిస్తుంటే తెలిసింది. ఇందులో కంప్యూటరు లేదు, సెన్సారు లేదు. పానాలు, సుత్తి, లేత్, తెలిసిన మనిషి ఉంటే చాలు. మా పెద్దోడు సెలవుల్లో వచ్చి మేస్త్రి పక్కన కూర్చున్నాడు. డీజిలు లైన్లో గాలి చేరితే నట్టు వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు పోయి చుక్క చుక్కగా వచ్చేదాకా చూసి బిగించాలి. ఆ పని ఇప్పుడు వాడే చేస్తాడు. మేస్త్రి వాడితో ఒక మాటన్నాడు, "గాలి తీయడం వచ్చిందంటే సగం బండి వచ్చినట్టే బాబూ" అని.

రంగు మొత్తం వేయించాం, బానెట్ మీద తాత పేరు ఉన్న చోట మటుకు ముట్టుకోనివ్వలేదు. వానకి కొంత, ఎండకి కొంత పోయింది గానీ చదవొచ్చు.

ఇప్పుడు దాంతో ఏం చేస్తున్నాం? బాడుగ దుక్కికి అది సరిపోదు, యాభై హార్స్‌పవర్ బండ్లు, రోటవేటర్లు ఉన్న ఊళ్లో దీన్ని ఎవరు పిలుస్తారు? నాకున్న నాలుగు ఎకరాల పైదుక్కులు చేసుకుంటున్నా. అసలు పని ట్రక్కుది. ఎండాకాలం చెరువు మట్టి తోలాం, మూడిళ్ల చేలకీ. పాడి గేదెలు ఉన్నవాళ్ల దగ్గర పెంట కొని తోలుతున్నాం. తాత షరతు పెట్టిన ఎకరంన్నర చేను పంపకాల్లో మా అన్నయ్యకి వచ్చింది. మొన్న వేసవిలో ఆ చేలోకి బండి దిగింది, పన్నెండు ట్రక్కుల పశువుల ఎరువు వేసింది. ఇది వింటే తాత ఏమనేవాడో నాకు తెలియదు. తిట్టేవాడే అనుకుంటా. తిట్టినా ఎరువు వేసింది కదా అని ఊరుకునేవాడేమో.

నాకు అర్థమైంది ఇది. మూలం అంటే ఎద్దూ కాదు, ట్రాక్టరూ కాదు. వస్తువులు మారుతూనే ఉంటాయి, రేపు ఈ బండ్లు కూడా పోతాయి, బ్యాటరీ బండ్లు వస్తాయి. పనిముట్టు మన చేతిలో బాగయ్యేదిగా ఉండటం, ఒకరి పనికి ఇంకొకరు అందటం, నేల నుంచి తీసుకున్నది నేలకి తిరిగి ఇవ్వటం, ఈ మూడూ ఉంటే దాన్ని సేద్యం అనొచ్చు. మా తాత ఎద్దుల్లో కాపాడాలనుకున్నది ఈ మూడే. నాయన ట్రాక్టరుతో మొదటి రెండూ పదేళ్లు నిలబెట్టాడు, మూడోది జారిపోయింది. మన కాలంలో మూడూ జారిపోయాయి. పాత బండికి రంగు వేసి ఇంటి ముందు పెట్టుకున్నంత మాత్రాన తిరిగి రావు.

చివరిగా పాత బండ్లు ఉన్న సోదరులకి నాలుగు మాటలు. తూకానికి వేసే ముందు ఒక్కసారి చూడండి. బ్లాకుకి పగులు ఉందా, గేర్ బాక్సులో పళ్లు ఉన్నాయా, క్రాంకు గ్రైండింగ్‌కి పనికొస్తుందా, ఆర్‌సీ కాగితం ఉందా. బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి అయిపోతుంది, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, కాబట్టి రోడ్డు ఎక్కేముందు అది చూసుకోండి. ఈ నాలుగిట్లో రెండు లేకపోతే ఖర్చు పెట్టొద్దు, మనసు చంపుకుని అమ్మేయండి. నేర్చుకోవాలనుకునే పిల్లలు ఉంటే అనంతపురం దగ్గర గార్లదిన్నెలో 1983 నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, ట్రాక్టర్లు పరీక్షించేదీ, వాటి పని నేర్పేదీ అక్కడే.

బండి పోయినా పర్వాలేదు, కాగితాలు మటుకు పారేయొద్దు. బాడుగ పుస్తకాలు, అప్పు రసీదులు, తనఖా కాగితాలు. వాటిలో మీ ఊరు ఉంది. ఎవరి చేను ఎప్పుడు మాగాణి అయిందో, ఎవరు ఎవరికి ఎంత సాయం పట్టారో అందులో రాసి ఉంది. డెబ్బై దాటిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి, ఆ పుస్తకం వాళ్ల ముందు పెట్టి ఒక్కో పేరు చదవండి. నేను మా పుస్తకంలోని 43 పేర్లు చదివితే మా అమ్మ 39 మందిని గుర్తుపట్టింది. మిగతా నలుగురి సంగతి చెప్పేవాళ్లు ఇప్పుడు మా ఊళ్లో ఎవరూ లేరు.